నాలుగు చిల్లులు చాలు

ఇనప డ్రమ్ముతో పెరట్లో బార్బెక్యూ పొయ్యి చేసుకుందామని నిశ్చయించుకున్నవాడు ముందు తన పనిముట్లలో ఒక్క డ్రిల్లు మాత్రం బయట ఉంచుకోవాలి. తక్కినవన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి ఇంట్లో కాస్త స్థిమితం ఉన్న మనిషి చేతికివ్వాలి. ఇది వెటకారం కాదు, సాంకేతిక సలహా. డ్రమ్ము ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చేటప్పటికే ముప్పాతిక వంతు పొయ్యి. మిగిలిన పావు వంతు పని అల్లా అడుగున మూడు చిల్లులు, పైన ఒకటి, మధ్యలో చువ్వల జాలీ. జాలీ నిలబడ్డానికి పెట్టే బోల్టుల చిల్లులు ఈ లెక్కలోకి రావు, అవి బోల్టులతోనే మూసుకుపోతాయి. అక్కడితో చెయ్యి ఆపగలిగినవాడికి మంచి పొయ్యి దక్కుతుంది. ఆపలేనివాడికి ఒక పెద్ద ఇనప వస్తువు దక్కుతుంది, అందులో కోడి తప్ప అన్నీ కాలతాయి: చేతులు, పెయింటు, డబ్బు. ఇంట్లో చేసిన డ్రమ్ము పొయ్యిల్లో పాడైపోయినవి చాలావరకు పని ఎక్కువై పాడైపోయాయని నా వాదన. దీనికి సాక్ష్యాలున్నాయి, ఎదురు ప్రశ్నలూ ఉన్నాయి. రెండూ చూద్దాం.

ముందు డ్రమ్ము సంగతి. మనం రెండువందల లీటర్ల డ్రమ్ము అని పిలిచేదాన్ని అమెరికా వాళ్ళు 55 గ్యాలన్ల డ్రమ్ము అంటారు, ఖచ్చితంగా కొలిస్తే 208 లీటర్లు పడుతుంది. వ్యాసం 57 సెంటీమీటర్లు, ఎత్తు 85 పైచిలుకు, రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ, ఖాళీగా ఉంటే బరువు ఇరవై కిలోల లోపు. ప్రపంచంలో ఏ రేవులో దింపినా ఇవే కొలతలు. ఇనప పీపాకి 1905లో అమెరికాలో పేటెంటు తీసుకున్న హెన్రీ వెర్‌హాన్ పనిచేసింది నెల్లీ బ్లై కంపెనీలో. 72 రోజుల్లో భూమి చుట్టి వచ్చిన పత్రికా విలేకరి నెల్లీ బ్లై ఈవిడే. భర్త పోయాక ఆయన ఇనుప సామాన్ల ఫ్యాక్టరీని చూసుకుంది. డ్రమ్ము పుట్టుకలో ఇంత కథ ఉందని తెలియకుండానే మనం దాన్ని వాడని పని లేదు. రోడ్డు వేసే చోట తారు దాంట్లోనే కాగుతుంది. ట్యాంకరు వచ్చే బస్తీల్లో నీళ్ళు దాంట్లోనే నిలవుంటాయి. పెళ్ళింటి వెనకాల మూడు రాళ్ళ మీద ఎక్కించి, కింద మొద్దులు పెట్టి, మగపెళ్ళివారి స్నానాలకి నీళ్ళు కాచేదీ దాంట్లోనే. నిప్పు దానికి కొత్త కాదు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపల వేడి ఒక మూల ఎక్కువా ఒక మూల తక్కువా ఉండదు. అడుగు గట్టిగా మూసి ఉంటుంది, చూసి తెచ్చుకుంటే పైన తీసిపెట్టే మూత కూడా ఉంటుంది. ఇంకా దానికి మనం కొత్తగా ఏం నేర్పాలి?

ఒక్కటే నేర్పాలి, గాలి పీల్చడం. కట్టెల పొయ్యి ముందు గొట్టం పట్టుకుని కూర్చున్న అమ్మమ్మలందరికీ తెలిసిన ఈ సంగతి, స్పానర్లు పట్టుకున్న మనవలకి ఎందుకో తెలియడం లేదు. నిప్పు ఎంత జోరుగా మండుతుందన్నది బొగ్గు ఎంత పోశామన్నదాని మీద కన్నా గాలి ఎంత అందిందన్నదాని మీద ఆధారపడుతుంది. కిలో బొగ్గు పూర్తిగా కాలడానికి సుమారు 8, 9 ఘనపు మీటర్ల గాలి కావాలి. డ్రమ్ములో పట్టే గాలి ఘనపు మీటరులో అయిదో వంతు. అంటే కిలో బొగ్గు బూడిదయ్యేలోపు నలభై డ్రమ్ముల గాలి ఆ అడుగు చిల్లుల్లోంచి లోపలికి దూరి, పై చిల్లులోంచి బయటికి పోవాలి. దారి ఇరుకు చేస్తే నిప్పు నెమ్మదిస్తుంది, వెడల్పు చేస్తే చెలరేగుతుంది. పొయ్యి అదుపంతా ఆ మూడు చిల్లుల చేతిలో ఉంది. వాటిలో ఒకదానికి నీళ్ళ పైపులకి వాడే ఇత్తడి బాల్ వాల్వు బిగించి, తక్కిన రెండింటికి మూతలు పెట్టుకుంటే చాలు. అవసరాన్ని బట్టి తీస్తూ, మూస్తూ గంటల తరబడి లోపలి వేడిని 110 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలపవచ్చు. గట్టి మాంసంలోని కొలాజెన్ అనే పీచు 70 డిగ్రీలు దాటాక మెల్లమెల్లగా కరిగి జిగురవుతుంది. దానికి పెద్ద మంట అక్కర్లేదు, చాలా సమయం కావాలి. అంతసేపు నిలకడగా మండాలంటే ఉన్న చిల్లుల్లోంచి తప్ప ఇంకెక్కడినుంచీ గాలి దూరకూడదు. ఈ చివరి వాక్యం దగ్గరే సగం మంది మిస్త్రీలు ఫెయిలవుతారు.

సాక్ష్యం కావాలంటే అమెరికాలో ఇళ్ళ వెనకాల చూడండి. అక్కడ నిలువు డ్రమ్ముతో చేసే పొయ్యికి అగ్లీ డ్రమ్ స్మోకర్ అని పేరు. అందచందాల గురించి ముందే మాట తేల్చేసుకున్నారన్నమాట. అడుగున బొగ్గుల బుట్ట, దానికి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున జాలీ, జాలీ మీద మాంసం, పైన మూత. మాంసంలోంచి కారిన కొవ్వు నేరుగా నిప్పుల మీద పడి పొగవుతుంది, ఆ పొగ మళ్ళీ మాంసానికే పడుతుంది. వేల రూపాయలు పోసి కొన్న యంత్రాల్లో ఈ రుచి రాదని దాని భక్తులు ప్రమాణం చేస్తారు. భక్తుల మాటకి కొంత తరుగు తియ్యాలనుకోండి, అయినా పొయ్యి పనిచేస్తుందన్నది నిజం. రెండో సాక్షి జార్జి స్టీఫెన్. షికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ అనే రేకుల కార్ఖానాలో ఆయన పని. అక్కడ ఓడలకి దారి చూపడానికి నీళ్ళ మీద తేలే ఇనప బోయాలు తయారయ్యేవి. 1952లో ఆయన ఒక బోయాని అడ్డంగా రెండు ముక్కలు చేసి, కింది ముక్కకి మూడు కాళ్ళు పెట్టి, పైముక్కని మూత చేశాడు. గాలికి చిల్లులు పెట్టాడు. అంతే. ఆ తరవాత కంపెనీ ఎన్ని రకాలు తీసినా మూల విగ్రహం ఇప్పటికీ అదే. పైగా ఆ పొయ్యి మూత వ్యాసం మన డ్రమ్ము వ్యాసానికి దగ్గర్లోనే ఉండటంతో, పాత వెబర్ మూతని తెచ్చి డ్రమ్ము నెత్తిన పెట్టుకునేవాళ్ళు బోలెడంతమంది. ప్రపంచ ప్రసిద్ధమైన పొయ్యి ఒక ఇనప గుండుని ఒక్క కోత కోస్తే వచ్చింది. దాన్ని చూసి కూడా మనవాడు డ్రమ్ముకి పదిహేడు కోతలు పెడతాడు.

ఎందుకు పెడతాడంటే, నాకు తోచిన కారణం చాలా సాదాది. చిల్లులు పెట్టే పని గంటలో అయిపోతుంది. శని, ఆదివారాలేమో రెండు రోజులు. ఇంట్లో అందరికీ చెప్పి, అద్దెకి గ్రైండరు తెచ్చి, కళ్ళద్దాలు తగిలించుకున్న మనిషి గంట తరవాత “అయిపోయింది” అని లోపలికి వస్తే మర్యాద ఏముంటుంది? అందుకని బొగ్గులు వెయ్యడానికి పక్కన తలుపు ఉంటే బావుంటుందనుకుంటాడు. పల్చటి రేకుని పలక కోసి కబ్జాలు వేస్తాడు. నిప్పు పడగానే ఆ రేకు వంకర తిరిగి, తలుపు చుట్టూ వేలు దూరేంత సందు పడుతుంది. పిలవని గాలి దూరి, 120 డిగ్రీలుండాల్సిన వేడి 200 దాటుతుంది. సందు మూయడానికి వేడికి తట్టుకునే తాడు తెస్తాడు. తాడు మందానికి తలుపు పట్టకపోతే గడియ పెడతాడు, గడియ అతకడానికి వెల్డింగ్ మిషను కొంటాడు. గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని, ఆవుని చూసుకోవడానికి ఇల్లాలిని తెచ్చుకున్న సన్యాసి కథలో ఏ దశకి చేరాడో ఈ పాటికి మనం లెక్క వేసుకోవచ్చు. చక్రాల సంగతి ఇంకా అందంగా ఉంటుంది. ఇరవై కిలోలు తూగని డ్రమ్ముని ఇద్దరు మనుషులు పట్టుకుంటే ఎక్కడికైనా జరుగుతుంది. కానీ చక్రాలు బిగించాలంటే యాంగ్లర్లతో చట్రం కావాలి. చట్రం బిగించాక అది ఎంత బరువెక్కుతుందంటే, చక్రాలు లేకపోతే నిజంగానే కదలదు. ఇక మూత మధ్యలో బిగించే గుండ్రటి థర్మామీటరు మూత దగ్గరి వేడిని నిజాయితీగా చెబుతుంది. మాంసం ఉన్నది జాలీ మీద కదా అని దాన్ని ఎవరూ అడగరు.

దీనికి జమైకా వైపు నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. జమైకాలో జెర్క్ చికెన్ అమ్మే వీధి బండ్ల మీద ఉండేది ఇదే డ్రమ్ము, కానీ నిలువునా చీల్చి, పడుకోబెట్టి, కబ్జాలు వేసి, పెట్టె మూత తెరిచినట్టు తెరిచేది. అంచుల్లో సందులుంటాయి, వాల్వులుండవు. అయినా అక్కడి జెర్క్ రుచి ప్రపంచమంతా ఒప్పుకున్నదే. మరి సందులుంటే పొయ్యి పాడవుతుందన్న సూత్రం ఏమయింది? ఏమీ కాలేదు. జమైకా డ్రమ్ముకి కూడా వాల్వు ఉంది, అది పొయ్యి పక్కనే నిలబడి ఉంటుంది, దానికి రెండు చేతులున్నాయి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా అదే దాని ఉద్యోగం. ముక్క మాడబోతుంటే తిప్పుతుంది, మంట లేస్తే మూత దించుతుంది. తరాల నుంచి వస్తున్న చేతి వాటం సందుల్ని కాపలా కాస్తోంది. దక్షిణాఫ్రికాలో బ్రాయి అనే బార్బెక్యూ కోసం వాడే సగం డ్రమ్ముకి మూతే ఉండదు. కట్టెలు తగలేసి, నిప్పులు కణకణలాడేదాకా ఆగి, పైన జాలీ పెట్టి కాలుస్తారు. సెప్టెంబరు 24న వచ్చే వారసత్వ దినాన్ని అక్కడ చాలామంది బ్రాయి దినంగానే చేసుకుంటారు. నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు 2007లో ఆ ఉత్సవానికి పోషకుడిగా ఉండటానికి ఒప్పుకున్నారు. అక్కడా డ్రమ్ముకి జరిగింది ఒక్క కోతే. కనుక పడుకోబెట్టాలా నిలబెట్టాలా అన్నది మీకు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఎంతుందో చూసి తేల్చుకోవాల్సిన విషయం. ఓపిక ఉంటే చీల్చండి. మధ్యలో క్రికెట్ మ్యాచి చూడాలనుకుంటే నిలబెట్టండి.

“ఇదే డ్రమ్ముని ట్రినిడాడ్‌లో వేల సుత్తి దెబ్బలు కొట్టి, శ్రుతి చేసి, సంగీత వాద్యంగా మార్చారు కదా, ఎక్కువ పని చేస్తే పాడవుతుందని ఎలా అంటావు?” అని ఇంకెవరైనా అడగవచ్చు. స్టీల్ పాన్ ఆ దేశపు జాతీయ వాద్యం, దాని మీద నాకు అపారమైన గౌరవం. కానీ అది పాడాలి, పొయ్యి వండాలి. కోడికి శ్రుతితో పని లేదు.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. అందులో ఏ మందు పోశారో, ఏ రంగు పూశారో తెలియని డ్రమ్ములో వండిన తిండి తినొచ్చా అని. తినకూడదు. నా వాదన ఇక్కడ చేతులెత్తేస్తుంది, ఈ ఒక్క చోట బద్ధకం పనికిరాదు. పెట్రోలు, థిన్నరు, పెయింటు, పురుగుమందు పోసిన డ్రమ్ముని ఎంత చవగ్గా ఇచ్చినా ఇంటికి తేకూడదు. అలాంటి డ్రమ్ము నిండుగా ఉన్నప్పటికన్నా ఖాళీ అయ్యాకే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటుంది, గ్రైండరు నిప్పురవ్వ పడితే డ్రమ్ము బాంబవుతుంది. పాత ఇనప సామాన్ల కొట్టువాడు “ఏం కాదు సార్, కడిగేశాం” అంటాడు, ఆయన దాంట్లో వండుకోడు. తినే పదార్థం రవాణా చేసిన డ్రమ్మే తీసుకోవాలి, ఈ విషయంలో మన చిత్తూరు ప్రాంతం అదృష్టవంతమైనది. తోతాపురి మామిడి గుజ్జుని అక్కడి ఫ్యాక్టరీలు సూక్ష్మక్రిములు చేరని సంచుల్లో నింపి, ఆ సంచుల్ని ఇలాంటి ఇనప డ్రమ్ముల్లోనే పెట్టి దేశదేశాలకి పంపుతాయి. ఒక్కో దాంట్లో 215 కిలోల గుజ్జు, అయినా డ్రమ్ముకి మామిడి రుచి కూడా అంటదు. అయితే ఏ డ్రమ్ముకైనా బయట రంగు ఉంటుంది, లోపల ఎపాక్సీ పూత ఉండొచ్చు. వంటకి ముందు, మనుషులకి దూరంగా ఆరుబయట, దాన్నిండా కట్టెలు పేర్చి రంగూ పూతా పూర్తిగా బూడిదయ్యేలా కాల్చాలి. తరవాత వైరు బ్రష్షుతో మెరిసేదాకా తోమి, కడిగి, వంటనూనె రాసి మళ్ళీ వేడి చెయ్యాలి. జింకు పూసిన డ్రమ్మూ వద్దు, జింకు పూసిన జాలీ అసలే వద్దు. బాగా వేడెక్కితే వచ్చే ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుందని వెల్డింగ్ షాపులో ఎవరినడిగినా చెబుతారు. పాత ఫ్రిజ్జు అరలు చూడగానే జాలీ దొరికిందని సంబరపడతారు గానీ వాటి పూతలో కాడ్మియం ఉండొచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ కొనండి, పొదుపు ఇంకెక్కడైనా చూపించండి. ఆ పొయ్యిని అపార్ట్‌మెంటు బాల్కనీలో, మూసిన గ్యారేజీలో పెట్టకూడదు. నెమ్మదిగా కాలే బొగ్గు కార్బన్ మోనాక్సైడుని వదులుతుంది, దానికి వాసన కూడా ఉండదు.

“ఇంత రామాయణం ఎందుకు, షాపులో కొనుక్కోవచ్చు కదా?” కొనుక్కోవచ్చు. లెక్క నిజాయితీగా వేస్తే డ్రమ్ము, జాలీ, వాల్వు, బోల్టులు, బ్రష్షు, కాల్చడానికి కట్టెలు అన్నీ కలిపి మిగిలేది కొద్దిగానే. డబ్బు మిగులుతుందని ఇంట్లో చెప్పి అనుమతి తీసుకున్నవాళ్ళు ఈ వాక్యాన్ని దాటేసి చదవండి. డ్రమ్ము గొప్పతనం ఇంకో చోట ఉంది. బూడిద తడిస్తే దాని అడుగు తుప్పు పట్టి కొన్నేళ్ళలో చిల్లులు పడుతుంది. అవి మనం పెట్టని చిల్లులు, కాబట్టి పొయ్యి ఆయువు తీరినట్టే. అప్పుడు జాలీ, వాల్వు, బోల్టులు విప్పి ఇంకో డ్రమ్ముకి బిగించుకుని, పాతదాన్ని తూకానికి అమ్మెయ్యవచ్చు. తలుపూ, పొగగొట్టమూ, చట్రమూ, చక్రాలూ, పిల్లల పేర్లతో చెక్కిన ఫలకమూ ఉన్న పొయ్యిని ఎవరు అమ్ముతారు? చిల్లులు పడ్డా దాన్ని పెరట్లోనే పెట్టుకుని చెట్టు నాటుతారు. షాపువాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? నిప్పు ఎంత వేడి మీద ఉందో ఫోనుకి కబురు పెట్టి, తగ్గితే చిన్న ఫ్యానుతో గాలి ఊదే పెట్టెలు అమ్ముతున్నారు. వాల్వు కాస్త తిప్పాల్సిన రెండు వేళ్ళకి బదులు బ్యాటరీ, వైఫై, పాస్‌వర్డు.

తెలుగువాళ్ళ తరఫున కూడా ఒక అభ్యంతరం ఉంది, నాకు బాగా నచ్చింది కూడా అదే. మన మాంసం పులుసులో ఉడికే ముక్క. టెక్సాస్‌వాళ్ళ గొడ్డు రొమ్ము, కరోలినావాళ్ళ పంది భుజం అయిదారు కిలోల దిమ్మలు, వాటికి అన్నేసి గంటల నెమ్మది నిప్పు సరిపోతుంది. మనం వేటమాంసాన్ని గోలీకాయలంత ముక్కలు కొట్టించి దాంట్లో అంతసేపు పెడితే, సాయంత్రానికి వడియాలు వస్తాయి. ఒప్పుకుంటున్నాను. అయితే డ్రమ్ము మన నిప్పు దరిదాపుల్లో లేదనుకోవడం మాత్రం పొరపాటు. హైదరాబాదు రోడ్డు పక్కన రొట్టెలు దించే తందూరీ పొయ్యికి పై చొక్కా చాలాచోట్ల ఈ డ్రమ్మే. లోపల మట్టి బాన, బానకీ డ్రమ్ముకీ మధ్య వేడి ఆపే మట్టో ఇసకో కూరి ఉంటుంది. అక్కడ కూడా, గమనించండి, ఎవరూ చక్రాలకీ థర్మామీటరుకీ ఆశపడలేదు. అడుగున గాలికి ఒక్క చిల్లు పెట్టి ఊరుకున్నారు. మసాలా పట్టించిన కోడి కాళ్ళని మన డ్రమ్ము జాలీ మీద కాలిస్తే గంటన్నర లోపల లోపలి వేడి 74 డిగ్రీలు దాటి తినడానికి సిద్ధమవుతాయి. పులుసు ముక్కకి దీన్ని పోటీ పెట్టమని నేననడం లేదు, ఆదివారాలు ఏడాదికి యాభై రెండున్నాయి.

అమెరికాలో ఉన్న తెలుగింటికి డ్రమ్ము చేసే అసలు ఉపకారం కోడి విషయంలో కాదు, వంకాయ విషయంలో. అక్కడ చాలా ఇళ్ళల్లో కరెంటు పొయ్యిలే, మంట కనబడదు. పోపులో ఎండుమిరపకాయ కాస్త ఎర్రబడితే పైకప్పుకున్న పొగ అలారం వీధి వీధంతా లేచేలా అరుస్తుంది. అలాంటి ఇంట్లో కాల్చిన వంకాయ పచ్చడి ఎలా కుదురుతుంది? ఓవెన్‌లో పెడితే వంకాయ ఉడుకుతుంది, మెత్తబడుతుంది, పచ్చడి అనిపించుకుంటుంది కూడా, కానీ ఆ కమురు వాసన రాదు. అదే పెరట్లో డ్రమ్ము మూత తీసి, జాలీని కింది బోల్టుల మీదికి దించి, నిప్పులకి జానెడు ఎత్తున నూనె రాసిన నల్ల వంకాయలు పెట్టి, తొక్క బొబ్బలెక్కి చిట్లేదాకా తిప్పుకుంటే కాకినాడ పక్క పల్లెలో పొయ్యి కింద బూడిదలో దోపిన వంకాయకి దగ్గరి రుచి వస్తుంది. పక్కనే రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక మొక్కజొన్న కంకి కూడా వేసుకోవచ్చు. మాంసం ముట్టనివాళ్ళకి బార్బెక్యూతో ఏం పని అన్నవాళ్ళకి సమాధానం ఈ వంకాయే చెబుతుంది.

చివరికి మిగిలిన ప్రశ్న, ఇన్ని పనులూ మానేశాక మాంసం కాలే ఆ గంటలన్నీ మనిషి ఏం చెయ్యాలన్నది. ఏమీ చెయ్యకూడదు. కానీ చేస్తాడు. మూత ఎత్తి చూస్తాడు. ఎత్తిన ప్రతిసారీ లోపలి వేడి బయటికి పోతుంది, చల్లటి గాలి లోపలికి దూకుతుంది, బొగ్గులకి ప్రాణం లేచొచ్చి మంట పైకి తన్నుకొస్తుంది. మూత మళ్ళీ దించాక వేడి దారిలోకి రావడానికి చాలాసేపు పడుతుంది, అది వచ్చేలోపు ఇంకోసారి చూడాలనిపిస్తుంది. పైగా పెద్ద దిమ్మ మాంసం అయితే లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గరికి వచ్చి గంటల తరబడి కదలకుండా మొండికేస్తుంది. పైన చెమ్మ ఆవిరవుతూ, లోపలికి పోతున్న వేడిని ఎప్పటికప్పుడు హరించేస్తుంటుంది. తెలియనివాడు నిప్పు చచ్చిందనుకుని చిల్లులన్నీ తెరిచేస్తాడు, ఇంకో చిల్లు కూడా పెడదామా అని డ్రిల్లు వైపు చూస్తాడు. కాబట్టి నాలుగు చిల్లులు, జాలీ, వాల్వు తరవాత ఈ పొయ్యికి కొనాల్సిన సామాను ఇంకొకటి ఉంది, మంచి పడక కుర్చీ. వేసుకునేటప్పుడు మూతకి చెయ్యి అందకుండా చూసుకోవాలి. డ్రిల్లు కూడా తాళంలో పెట్టేశాకే కూర్చోవాలి.